జంతువుల పుర్రెలు, వేట జ్ఞాపికలను ఇంట్లో శుభ్రం చేసి, భద్రపరచి, ప్రదర్శించడం ఎలా?

పసుపు పచ్చగా మారిన పుర్రెను తిరిగి తెల్లగా చేయడం ఎలా, గోడ మీది జింక తల నుంచి వెంట్రుకలు రాలుతుంటే ఏం చేయాలి అన్న రెండు ప్రశ్నలు పాఠకుల నుంచి పదే పదే వస్తున్నాయి. వాటికి ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పడం కంటే పనిని మొదటి నుంచి వరుసగా వివరించడం మేలనిపించి ఇది రాస్తున్నాను. నేను చూసినంతలో ఇటువంటి వస్తువులకు వయసు చేసే చేటు కంటే శుభ్రం చేయబోయిన చేతులు చేసే చేటే ఎక్కువ. కాబట్టి కింది సూచనల్లో చేయవలసిన పనులతో సమానంగా చేయకూడని పనులు కూడా ఉంటాయి.

ముందుగా చట్టం సంగతి చూసుకోండి. 1973లో సంతకాలు జరిగి 1975 జూలైలో అమలులోకి వచ్చిన సైటీస్ ఒప్పందం అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల శరీర భాగాలు దేశ సరిహద్దులు దాటడాన్ని నియంత్రిస్తుంది. దానికి తోడు ప్రతి దేశానికీ సొంత వన్యప్రాణి చట్టం ఉంటుంది. చాలా చోట్ల అడవిలో దొరికిన ఎముకను ఇంటికి తెచ్చుకోవడం కూడా నేరమే అవుతుంది. వారసత్వంగా వచ్చిన వస్తువు అయినా యాజమాన్య పత్రం ఉందో లేదో చూసుకోండి. ఉంటే దాని నకలును వస్తువుతో పాటే భద్రపరచండి. లేకపోతే శుభ్రం చేయడం తరువాతి మాట, ముందు అటవీ అధికారులను సంప్రదించండి.

కావలసినవి

నైట్రైల్ చేతి తొడుగులు, ఎన్-95 మాస్కు, వెడల్పాటి మెత్తని బ్రష్షులు రెండు (ఒకటి ఎముకకు, మరొకటి వెంట్రుకలకు మాత్రమే), హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్మును కూడా పట్టి ఉంచే జల్లెడ) ఉండి పీల్చే బలాన్ని తగ్గించుకునే వీలున్న వాక్యూమ్ క్లీనర్, దాని మూతికి కట్టడానికి నైలాన్ వల ముక్క, దూది చుట్టిన పుల్లలు, డిస్టిల్డ్ వాటర్, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, మూత వదులుగా పెట్టుకోగల ప్లాస్టిక్ బకెట్, మందపాటి పాలిథిన్ సంచులు, తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్, జిగురు పూసిన పురుగుల ఉచ్చులు. బ్లీచింగ్ ద్రావణం, ఫర్నిచర్ పాలిష్, వంట నూనె, కలరా ఉండలు ఈ పనిలోకి రాకూడదు. ఎందుకో ఆయా చోట్ల చెబుతాను.

1. మీ చేతిలో ఉన్నది దేనితో తయారయిందో గుర్తించండి

పుర్రె పూర్తిగా ఎముక. జింకల తలపై కొమ్మలుగా చీలి పెరిగే కొమ్ములు కూడా ఎముకే, వాటిని ఆ జంతువులు ఏటా రాల్చి మళ్లీ పెంచుకుంటాయి. ఆవు, గేదె, మేక, కృష్ణజింక వంటి వాటి కొమ్ముల సంగతి వేరు. వాటిలో లోపల ఎముక బొడిపె ఉండి, దానిపై మన గోళ్లలో ఉండే కెరటిన్ పదార్థంతో ఏర్పడిన తొడుగు ఉంటుంది. గోడకు తగిలించే తలలో అసలు జంతువుది సాధారణంగా చర్మం, వెంట్రుకలు, కొమ్ములు మాత్రమే. లోపల ఫోమ్, కలప లేదా గడ్డితో చేసిన అచ్చు ఉంటుంది, కళ్లు గాజువి.

ఈ తేడా తెలియకపోతే తరువాతి మెట్లన్నీ తప్పుతాయి. ఎముకను నీళ్లలో నానబెట్టవచ్చు, చర్మం ఉన్న తలను తడపకూడదు. ఎముకను పెరాక్సైడ్‌తో తెల్లబరచవచ్చు, అదే పెరాక్సైడ్ కొమ్ముకు తగిలితే సహజమైన గోధుమ రంగు పోతుంది, మళ్లీ రాదు. పురుగులు కెరటిన్‌ను తింటాయి గనుక వెంట్రుకలకు, ఈకలకు, కొమ్ము తొడుగులకు వాటి బెడద ఉంటుంది. శుభ్రమైన ఎముక జోలికి అవి రావు.

2. పాత వస్తువైతే విషం ఉందనే అనుకోండి

18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బెకూర్ అనే ఆయన పక్షుల చర్మాలను పురుగుల నుంచి కాపాడడానికి ఆర్సెనిక్ కలిపిన సబ్బును తయారుచేశాడు. ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించి 20వ శతాబ్దం చివరి దశాబ్దాల దాకా సాగింది. దానికి తోడు పాదరసపు లవణాలు, డీడీటీ అనే పురుగుమందు కూడా వాడారు. అందువల్ల 1980ల కంటే ముందు తయారైన తల, తోలు, పక్షి ఏది మీ చేతికి వచ్చినా పరీక్ష జరిగే దాకా దానిలో ఆర్సెనిక్ ఉన్నట్టే లెక్క. కంటి అంచులు, చెవుల మొదళ్లు, కుట్ల వెంట తెల్లని పొడి లేదా సన్నని స్ఫటికాలు కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. కనిపించనంత మాత్రాన లేదని అనుకోకండి.

చేతి తొడుగులు, మాస్కు లేకుండా అటువంటి వస్తువును ముట్టుకోకండి. నోటితో ఊదడం, గుడ్డతో దులపడం అసలు చేయకండి, ఎందుకంటే దుమ్ముతో పాటు విషం కూడా గాలిలోకి లేస్తుంది. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందే ఎత్తులో పెట్టకండి. పని అయ్యాక తొడుగులు పారేసి చేతులు సబ్బుతో కడుక్కోండి, వేసుకున్న బట్టలను విడిగా ఉతకండి.

మరొక హెచ్చరిక: ఏ కారణంతో చనిపోయిందో తెలియని జంతువు తలను తెచ్చి శుభ్రం చేయడానికి పూనుకోకండి. రేబిస్, ఆంత్రాక్స్ వంటి వ్యాధులు కళేబరం నుంచి మనిషికి సోకగలవు, ఆంత్రాక్స్ బీజాలు ఎండిన తోలులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉంటాయి.

3. పుర్రెలోని కొవ్వును తీయండి

పాఠకులు ఎక్కువగా తప్పు చేసే మెట్టు ఇదే. పుర్రె పచ్చబడడానికి కారణం మురికి అనుకుని నేరుగా తెల్లబరిచే పనికి దిగుతారు. అసలు కారణం ఎముక రంధ్రాల్లో మిగిలిన కొవ్వు. అది మెల్లగా పైకి ఊరుతూ పచ్చని, కాస్త పారదర్శకంగా కనిపించే మచ్చలుగా తేలుతుంది, వాటికి దుమ్ము అంటుకుంటుంది. పెరాక్సైడ్ కొవ్వును తీయలేదు. కొవ్వు తీయకుండా తెల్లబరిస్తే కొన్ని నెలలు బాగానే ఉండి, మళ్లీ అవే మచ్చలు అదే చోట వస్తాయి.

బకెట్‌లో చేయి పెట్టి ఉంచగలిగినంత గోరువెచ్చని నీరు పోసి, సబ్బు ద్రావణం బాగా కలిపి, పుర్రె పూర్తిగా మునిగేలా ఉంచండి. నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడితే కొవ్వు త్వరగా కరుగుతుంది. అక్వేరియం హీటర్ ఉన్నవారు దాన్ని వాడవచ్చు, కాకపోతే అది నీటిలో మునిగి ఉన్నప్పుడే పనిచేయాలి, నీరు ఆవిరై మట్టం తగ్గకుండా చూసుకోవాలి. నీరు మసకబారి పైన జిడ్డు తేలినప్పుడల్లా, అంటే మూడు నాలుగు రోజులకోసారి, నీరు మార్చండి. నక్క, కుందేలు వంటి చిన్న పుర్రెలకు కొన్ని వారాలు సరిపోతాయి. పంది, ఎలుగుబంటి పుర్రెల్లో కొవ్వు చాలా ఎక్కువ, వాటికి నెలలు పడుతుంది. తొందరపడి పొయ్యి మీద పెట్టి మరిగించకండి. మరిగే నీరు ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్‌ను జిలటిన్‌గా మార్చేస్తుంది, ముక్కు లోపలి కాగితం లాంటి సన్నని పొరలు విరిగిపోతాయి, కొవ్వు బయటకు రావడానికి బదులు మరింత లోపలికి ఇంకుతుంది.

నీరు మార్చే ప్రతిసారీ దాన్ని సన్నని జల్లెడ గుండా పోయండి. ముందరి పళ్లు చాలా జంతువుల్లో వదులై ఊడిపోతాయి, అవి నీటితో పాటు కాలువలో పోయాక వెతికి లాభం లేదు. చిన్న వయసు జంతువు పుర్రె అయితే అతుకులు పూర్తిగా కలిసి ఉండవు కాబట్టి ఎముకలే విడిపోవచ్చు. విడిపోతే కంగారు పడకండి, ఆరిన తరువాత తిరిగి అతికించుకోవచ్చు.

కొవ్వు పోయిందని తెలుసుకోవడం ఎలా? పుర్రెను బయటకు తీసి కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఒక పలుచని కాగితం మీద వారం రోజులు ఉంచండి. దవడ ఎముక, తల వెనుక భాగం ఆనిన చోట కాగితంపై నూనె మరక కనిపిస్తే మళ్లీ బకెట్‌లోకి వెళ్లవలసిందే. తడి ఎముక ఎప్పుడూ ఒకే రంగులో కనిపించి మోసం చేస్తుంది, అందువల్ల ఆరకముందే నిర్ణయానికి రాకండి.

4. తెల్లబరచడం, అదీ కావాలనుకుంటేనే

పాత పుర్రెకు ఉండే లేత గోధుమ రంగు ఏ లోపమూ కాదు, నాకైతే అదే అందంగా కనిపిస్తుంది. తెలుపే కావాలనుకుంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పుర్రెను ముంచి, ఒకటి రెండు రోజుల పాటు వదిలేసి, మధ్య మధ్య చూస్తూ ఉండండి. బకెట్ మూతను బిగించకండి, వెలువడే ఆక్సిజన్‌కు దారి లేకపోతే పాత్ర పగలవచ్చు. లోహపు పాత్ర వాడకండి. 12 శాతం దాటిన ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, ఇంట్లో పని చేసేవారికి దాని అవసరమే లేదు.

క్లోరిన్ బ్లీచ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. అది ఆ రోజుకు ఎముకను తెల్లగా చేసి చూపుతుంది కానీ లోపలి కొల్లాజెన్‌ను తింటూ పోతుంది. కొన్నాళ్లకు ఎముక సుద్దలా మారి, వేలితో రుద్దితే పొడి రాలుతుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

కొమ్ములు పుర్రెకు అతికే ఉంటే ముంచే పద్ధతి పనికిరాదు. కొమ్ము మొదలును పలుచని ప్లాస్టిక్ పొరతో గట్టిగా చుట్టి, అంచును టేపుతో మూసి, పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని పుర్రె ఎముకపై పరిచి, అది ఆరిపోకుండా పైన మరో ప్లాస్టిక్ పొర కప్పండి. జింక కొమ్ము మొదట్లో బుడిపెలుగా ఉండే వలయం దగ్గర దూదిని వేలెడంత దూరంలోనే ఆపండి. ద్రవం ఎముక రంధ్రాల గుండా తనంతట తానే పైకి ఎగబాకి, రాత్రికి రాత్రి కొమ్ము చుట్టూ తెల్లని పట్టీ పడేలా చేయగలదు.

పని పూర్తయ్యాక మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి, ఒకరోజు నానబెట్టి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. ఎండలోనో హీటర్ ముందో పెడితే పళ్లు నిలువునా చీలుతాయి, కోరపళ్లలో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఊడిన పళ్లను అతికించడానికి నీటితో తిరిగి వదులు చేయగల తెల్ల జిగురు చాలు. మ్యూజియంలు వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురు దొరికితే ఇంకా మంచిది, అది అసిటోన్‌తో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడివస్తుంది. ఫెవిక్విక్ వంటివి వాడితే పన్ను వంకరగా అతుక్కున్నప్పుడు సరిచేయడం చాలా కష్టం.

5. చర్మం, వెంట్రుకలు ఉన్న తలలను పొడిగానే శుభ్రం చేయండి

వాక్యూమ్ మూతికి నైలాన్ వలను రబ్బరు బ్యాండుతో కట్టి, బలాన్ని కనిష్ఠానికి తగ్గించండి. ఒక చేత్తో బ్రష్షుతో వెంట్రుకలు పెరిగిన దిశలోనే, అంటే ముక్కు నుంచి మెడ వైపు, దుమ్మును మెల్లగా నెడుతూ, మరో చేత్తో వాక్యూమ్ మూతిని కొంచెం దూరంగా పట్టుకుని ఆ దుమ్మును లాగేయండి. మూతి వెంట్రుకలను తాకనక్కరలేదు. పక్షి అయితే ఈక మొదలు నుంచి కొసకు మాత్రమే బ్రష్షు కదలాలి. వలకు వెంట్రుకలు చిక్కితే ఆగి చూడండి. నాలుగైదు విడి వెంట్రుకలైతే పరవాలేదు. కుచ్చుగా, మొదలుతో సహా వస్తే చర్మమే బలహీనమైందని అర్థం, ఆ చోటును వదిలేయండి.

గాజు కళ్లకు దూది పుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, కంటి మధ్యలో మాత్రమే తిప్పండి. కనురెప్పల అంచుకు వేసిన రంగు, మైనం తడికి కరిగిపోవచ్చు. కొమ్ములను దాదాపు పొడిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరనివ్వండి. మెరుపు కోసం నూనె రాయమని చెప్పేవారు చాలా మంది ఉన్నారు. రాసిన నెల రోజులు అది మెరుస్తుంది, తరువాత దుమ్మును పట్టుకుని నల్లని జిడ్డు పొరగా గట్టిపడుతుంది.

6. పురుగుల జాడ వెతకండి

వెంట్రుకలు రాలడానికి తరచుగా కారణం చిమటలు లేదా కార్పెట్ బీటిల్ పిల్లపురుగులు. తల కింద తెల్లకాగితం పరచి, వెనుక పలకపై వేళ్లతో రెండు మూడు సార్లు తట్టండి. ఇసుక రేణువుల్లాంటి పొడి, రోమాలున్న గోధుమరంగు ఖాళీ పొట్టులు, పట్టులాంటి సన్నని దారపు గొట్టాలు పడితే పురుగు ఉన్నట్టే. పడిన చెత్తనంతా తుడిచి, రెండు వారాల తరువాత మళ్లీ కాగితం పరచి చూడండి. కొత్తగా పడితే పురుగు బతికే ఉంది, పడకపోతే అది పాత గాయం.

బతికి ఉన్న పురుగుకు మందు చల్లడం కంటే గడ్డకట్టించడం మేలు. వస్తువును పాలిథిన్ సంచిలో పెట్టి, గాలిని వీలైనంత తీసివేసి, టేపుతో మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర పనిచేసే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక సంచిని వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చే దాకా, కనీసం ఒక పూర్తి రోజు, అలాగే వదిలేస్తే గాలిలోని తేమ నీటి బిందువులుగా సంచి బయటి వైపే చేరుతుంది. తొందరపడి విప్పితే ఆ నీరు వెంట్రుకల మీదే పడుతుంది. ఆర్సెనిక్ అనుమానం ఉన్న వస్తువును తిండి పదార్థాలున్న ఫ్రీజర్‌లో పెట్టరాదు. ఏనుగు దంతం, పెద్ద కోరలు ఉన్న వాటిని చల్లబరిస్తే పగుళ్లు రావచ్చు, వాటికి ఈ పద్ధతి వద్దు.

కలరా ఉండల విషయానికి వస్తే, తెరిచి ఉన్న గదిలో వాటి ఆవిరి పురుగును చంపేంత చిక్కగా ఎప్పుడూ ఉండదు. ఇంట్లోవారు పీల్చడానికి, ఫోమ్, ప్లాస్టిక్ భాగాలు మెత్తబడడానికి మాత్రం సరిపోతుంది.

7. చోటు ఎంచుకోండి

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. 65 శాతం దాటి కొనసాగితే బూజు పడుతుంది. ఒక్కసారి ఎక్కువై మరోసారి తక్కువవుతుంటే చర్మం సాగి ముడుచుకుంటూ పెదవులు, ముక్కు, కంటి మూలల్లో పగుళ్లు వస్తాయి. హైగ్రోమీటర్‌ను గది మధ్యలో పెట్టి సంతృప్తి పడకుండా, వస్తువు వెనుక గోడ దగ్గర పెట్టి చూడండి. బయటి వైపు గోడ అయితే అక్కడి అంకె గది అంకె కంటే ఎక్కువ ఉండడం మామూలే. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, నిప్పుగూటి పైభాగం, వంటగది, స్నానాల గది పనికిరావు.

వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుందే తప్ప తరగదు. వెలిసిన వెంట్రుకకు రంగు తిరిగి రాదు. మ్యూజియంలు వెంట్రుకలు, ఈకలున్న వస్తువులకు వెలుతురును 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించనివ్వవు. ఇంట్లో అంత కచ్చితంగా కుదరకపోయినా, నేరుగా ఎండ పడని గోడ, అతినీలలోహిత (యూవీ) కిరణాలు దాదాపు లేని ఎల్ఈడీ దీపం, చూసేటప్పుడే వేసుకునే స్విచ్ ఉంటే చాలా మేలు. ఎముకకు ఇంత కట్టడి అక్కరలేదు.

8. గోడకు తగిలించండి

తలను పట్టుకుని బరువు తూచే యంత్రం మీద నిలబడి, ఆ అంకె నుంచి మీ బరువును తీసేయండి. ఇలా వచ్చిన బరువుకు కనీసం మూడు రెట్లు మోయగల మేకు, ప్లగ్ ఎంచుకోండి. తల గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి అది మేకును కిందికి లాగడమే కాక బయటకు కూడా లాగుతుంది, పటం తగిలించిన లెక్క దీనికి సరిపోదు. ఇటుక లేదా కాంక్రీట్ గోడలో ప్లగ్ వేసిన స్క్రూలు రెండు, పక్కపక్కన ఉండాలి. ఒక్కటే అయితే తల మెల్లగా పక్కకు ఒరుగుతుంది. కలప చట్రంపై పలకలు బిగించి కట్టిన గోడ అయితే పలక వెనుక నిలువుగా ఉండే కలప దూలానికే బిగించాలి.

ఎత్తేటప్పుడు కొమ్ములు పట్టుకోకండి. ఒక చేయి వెనుక పలక కింద, మరో చేయి మెడ కింద ఉంచి, ఇద్దరు కలిసి ఎత్తండి. తగిలించాక పలకను రెండు చేతులతో కిందికి, తరువాత ముందుకు నెమ్మదిగా లాగి చూడండి. ఏమాత్రం కదిలినా దించి సరిచేయండి. కొమ్ముల మొనలు మనిషి కంటికి అందని ఎత్తులో ఉండాలి.

పుర్రెను షెల్ఫ్‌పై పెట్టేవారు దాన్ని పళ్ల మీద నిలబెట్టకుండా, తల వెనుక ఎముక కిందా అంగిలి కిందా మెత్తని ఆసరా ఇవ్వండి. గాజు పెట్టె దుమ్మును ఆపుతుంది కానీ, పూర్తిగా ఆరని పుర్రెను దానిలో పెడితే బూజును పెంచుతుంది.

9. తనిఖీ

జిగురు ఉచ్చును తల కింద నేలపై ఉంచి నెలకోసారి చూడండి. ఏడాదికోసారి అదే చోటు నుంచి, అదే వెలుతురులో ఫొటో తీసి పాతదానితో పోల్చండి. రంగు వెలియడం, పెదవి దగ్గర చీలిక పెరగడం కంటికి తెలియవు, ఫొటోల్లో తెలుస్తాయి. దుమ్ము దులిపే పని ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించి అవసరం లేదు.

బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి, అది మరింత లోపలికి పోతుంది. ముందు పొడి గదిలోకి మార్చి ఆరనివ్వండి. అది పొడిపొడిగా మారాక మాస్కు వేసుకుని, ఆరుబయట, బ్రష్షుతో హెపా వాక్యూమ్‌లోకి నెట్టేయండి. తేమకు కారణమైన గోడను బాగుచేయకుండా వస్తువును తిరిగి అక్కడే తగిలిస్తే అదే బూజు మళ్లీ వస్తుంది.

చర్మం చీలి లోపలి అచ్చు కనిపిస్తున్నా, ఆర్సెనిక్ ఉందని పరీక్షలో తేలినా, దంతం పొరలు విడుస్తున్నా ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకండి. రాలిన ముక్కలన్నిటినీ ఒక కవరులో వేసి, ఏ భాగం నుంచి రాలాయో దానిపై రాసి, వస్తువుతో పాటు సంరక్షణ నిపుణుడికి అప్పగించండి.